బరువు గడి ఖాళీగా ఉంటే

“బరువు అరవై అంట, చూడు బుల్లీ! మీ అక్క ఎప్పుడు అరవై అయింది?” అంటూ బావ ఆ కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, నవ్వబోయి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పాతికేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి, ఎదురుగా లారీ మీదికొచ్చినా చెయ్యి వణకని మనిషి, ఇవాళ రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగేసరికి చొక్కా తడిసిపోయి ఉంది. కింద మందుల దుకాణంలో ఆ కాగితం మీదున్నవన్నీ తీసుకుని, పైకి తెచ్చి, గుండె వార్డు తలుపు దగ్గర నర్సు చేతికిచ్చి వచ్చాడు. వార్డులో ఉన్న మందుతో అప్పుడే మొదలుపెట్టేశారట, ఇవి దాని బదులట, కాగితంతో ఇక పనిలేదట, ఉంచుకోమన్నారట. తలుపు మీది గడియారంలో పదకొండూ పది. కాగితం మీద వయసు నలభై ఆరు అని ఉంది, అది నిజమే. దాని కింద బరువు అరవై. దాని కింద మందు వేగం, గంటకి తొమ్మిది మిల్లీలీటర్లు. అక్క ఏనాడూ నలభై కిలోలు దాటిన మనిషి కాదు. నలభై, అందులో కిలో నా కత్తెరదే అని తన మీద తనే జోకులేసుకునేది. కాగితం కింది మూలలో ఒక సన్నని గీత, గీత పక్కన తేదీ, టైము. ఆ గీత అక్కడెందుకుందో ఈ భవనం మొత్తంలో ఆమె ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే ఎనిమిదేళ్ళ కిందట ఆ గీత అక్కడ పెట్టింది ఆమే. ఈ కాగితాన్ని అచ్చుకొట్టిన ప్రోగ్రాం ఆమె రాసింది.

ఆ మాట మనసులోకి రాగానే దాని వెనకే ఇంకో మాట వస్తోందని తెలిసిపోయింది. రాకూడదు, అది మాత్రం రాకూడదు. ఆమె గబగబా వేరే సంగతులు తలుచుకోవడం మొదలుపెట్టింది. వేళ్ళకి సుద్ద ఉంది. పొద్దున పాఠం చెబుతుండగా ఫోను మోగింది, అక్క కొట్లో కుట్టుమిషను మీదే వాలిపోయిందని పక్కకొట్టు గడియారాలాయన చెప్పాడు, ఆమె చేతిలోది అక్కడే పారేసి వచ్చేసింది, చెయ్యి కడుక్కోవాలని కూడా తోచలేదు. కొత్త బ్యాచి, మొదటి పాఠం. నాలుగేళ్ళుగా ఇదే పని, మొదటి పాఠం నిద్రలో లేపినా చెప్పగలదు. కంప్యూటరుకి తెలివి ఉందని ఎవరైనా మీకు చెప్పి ఉంటే దయచేసి మర్చిపోండి, దానికి వచ్చినవి మూడే మూడు పనులు. ఉన్న అంకెని ఉన్నట్టు చూస్తుంది, అయిదుని అయిదే అంటుంది, ఎందుకని అడగదు. రెండు ముక్కల్ని కలుపుతుంది, కూడమంటే కూడుతుంది, హెచ్చించమంటే హెచ్చిస్తుంది. కలిపినదానికి ఒక పేరు పెట్టమంటే పెడుతుంది, ఆ పేరు మళ్ళీ ఎక్కడ కనబడినా దాని విలువ తెచ్చి అక్కడ పెడుతుంది. అంతే, ఇంకేం లేదు, ఆకాశంలో తిరిగే రాకెట్టు దగ్గర్నుంచి మీ చేతిలో ఫోను దాకా ఈ మూడే. అని చెప్పి బోర్డు మీద బ్రాకెట్లో బ్రాకెట్టు, దాంట్లో ఇంకో బ్రాకెట్టు పెట్టి పెద్ద లెక్క రాస్తుంది. ఇదెంత? వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు టక్కున జవాబు చెప్పేస్తారు. జవాబు నాకెందుకమ్మా, ముందు ఎక్కడ మొదలుపెట్టావో అది చెప్పు. అన్నిటికన్నా లోపలి బ్రాకెట్లోకి దూరాలి, అక్కడున్నది ముందు తేల్చాలి, ఆ విలువ పట్టుకుని ఒక్క గడప బయటికి రావాలి, అక్కడిది తేల్చాలి, మళ్ళీ ఇంకో గడప. దారిలో పేరు కనబడితే ఆగి దాని విలువ వెతుక్కోవాలి. దొరికితే సరే. దొరక్కపోతే? దొరక్కపోతే మంచి ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి నాకు తెలీదు అంటుంది, అది దాని మర్యాద. చెడ్డ ప్రోగ్రామరు దాని నోరు నొక్కి, ఏదో ఒక అంకె చేతిలో పెట్టి, పో, దీంతో కానిచ్చుకో అంటాడు. అలా ఎప్పుడూ చెయ్యకండి. అందరూ పుస్తకాల్లో రాసుకుంటారు. కింద గీత కూడా గీసుకోండి అంటుంది ఆమె.

సిగ్గులేకపోతే సరి. నాలుగేళ్ళుగా ఆ మాట ఎవరిని తిడుతూ చెబుతోందో ఇప్పుడు తెలిసిందా? తెలిసింది. అసలు తెలియందెప్పుడు? ఆ రోజు సాయంత్రం ఆఫీసులో ముగ్గురే మిగిలారు, మర్నాడు పొద్దున పెద్ద ఆస్పత్రి వాళ్ళొచ్చి ప్రోగ్రాం నడిపి చూస్తారు. మందు ఎంత వేగంతో ఎక్కించాలో తేల్చే లెక్క ఆమె వంతు. లెక్క ఏముంది, నాలుగు ముక్కలు. కిలోకి నిమిషానికి ఇంత మందు, దాన్ని బరువుతో హెచ్చించు, గంటకి అరవై నిమిషాలు గనక దాన్ని అరవైతో హెచ్చించు, సీసాలో మందు ఎంత చిక్కగా ఉందో దానితో భాగించు. చిన్నపిల్లల లెక్క. కానీ బరువు రాసే గడి తెర మీద ఇంకా తయారు కాలేదు, ఆ గడి చేసే అమ్మాయికి జ్వరమొచ్చి ఇంటికెళ్ళిపోయింది. బరువు అన్న పేరుకి విలువ లేకపోతే లెక్క కదలదు, నాకు తెలీదు అని మొండికేస్తుంది. తెల్లారితే వాళ్ళొచ్చేస్తారు. అందుకని ఆమె ఒక్క ముక్క కలిపింది. బరువు గడిలో ఏదైనా ఉంటే అది తీసుకో, ఖాళీగా ఉంటే అరవై తీసుకో. పక్కనే తనకోసం రాసుకుంది, రేపు తీసెయ్యాలి, అని. రేపు అని రాసుకున్నందుకు ఎంత హాయిగా అనిపించిందో. రాసుకుంటే పని సగం అయిపోయినట్టే అనిపించే పాడు బుద్ధి ఈ వృత్తిలో వాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఉండదు.

మర్నాడు అంతా బ్రహ్మాండంగా జరిగింది. ఆ మర్నాడు జ్వరం తగ్గి వచ్చిన అమ్మాయి బరువు గడి చేసి తగిలించింది, యాభై రాస్తే యాభై తీసుకుంది, డెబ్భై రాస్తే డెబ్భై తీసుకుంది, అందరూ సంతోషించారు. ఖాళీగా వదిలి చూద్దామని ఎవరికీ తోచలేదు. వారం తర్వాత ఆమె రాసినదంతా తనిఖీ చేసింది కళ్ళజోడు. ఆఫీసులో అందరికన్నా పెద్దవాడు, అందరూ అలాగే పిలిచేవాళ్ళు, చాటుగా. ఆయన వేలుతో తెర మీద కిందికి కిందికి వస్తూ, ఒకచోట ఆగి, ఏమ్మా, ఈ అరవైలు నిమిషాలేగా, అన్నాడు. అరవైలు అన్నాడు, అరవై అనలేదు. రెండూ కనబడ్డాయి ఆయనకి. ఆమె అప్పుడు వేరే పనిలో ఉంది, తల తిప్పకుండానే, ఆఁ నిమిషాలే, అంది. ఒక అరవై నిమిషాలే. ఇంకో అరవై మనిషి. మనిషి కూడా కాదు, లేని మనిషి, తూకమెక్కని మనిషి. రేపు తీసెయ్యాలి అని పక్కన రాసుకున్న ఆ మాటని కూడా తర్వాతెవరో చెత్త ఎక్కువైపోయిందని ఊడ్చేశారు, ముక్క మాత్రం ఉండిపోయింది. నాలుగేళ్ళ తర్వాత ఆమె ఆ కంపెనీ వదిలేసి పాఠాలు చెప్పుకోవడానికి వచ్చేసింది. వచ్చేటప్పటికి ముప్ఫయ్యొక్క ఆస్పత్రుల్లో నడుస్తోంది ఆ ప్రోగ్రాం, గర్వంగా కేకు కూడా కోశారు.

కాగితం చేతిలో చెమటకి మెత్తబడింది. వద్దువద్దనుకుంటూనే మనసు లెక్కలోకి దూరిపోయింది, దానికి వేరే పని చాతకాదు. నిమిషానికి కిలోకి అయిదు అని కాగితం మీదే ఉంది. అయిదు అరవైలు మూడొందలు. మూడొందలు అరవైలు పద్ధెనిమిది వేలు. చిక్కదనం రెండు వేలు, భాగిస్తే తొమ్మిది. గంటకి తొమ్మిది. మళ్ళీ. అయిదు నలభైలు రెండొందలు. రెండొందలు అరవైలు పన్నెండు వేలు. రెండు వేలతో భాగిస్తే ఆరు. ఎన్నిసార్లు చేసినా ఆరే. దేవుడా, ఆరు వెళ్ళాల్సిన చోట తొమ్మిది వెళ్తోంది. ఒకటికి ఒకటిన్నర. బక్కప్రాణం, పొద్దున ఏమీ తినకుండా కొట్టుకి వెళ్ళే మనిషి, ఆ చేతి నరంలోంచి, నిమిషం నిమిషం. ఎప్పటినుంచి? పదిన్నరకి లోపలికి తీసుకెళ్ళారు. కాగితం మీద టైము పదిన్నర దాటి ఏడు నిమిషాలు. అంటే ఇప్పటికి ముప్ఫై మూడు నిమిషాలు. కాదు, ముప్ఫై అయిదు. గడియారం చూడకుండా ఉంటే బాగుండును. గడియారం సరిగ్గా తలుపు మీదే పెట్టారు, దిక్కుమాలినవాళ్ళు, ఎవరు ఏడవాలని పెట్టారో.

“నీళ్ళు తాగుతావా?” అన్నాడు బావ. ఆమె తల అడ్డంగా తిప్పింది. “పొద్దున బాగానే ఉంది. నా టిఫిను డబ్బా తనే బస్సు దాకా తెచ్చిచ్చింది. స్టీరింగు ముందు నిలబడి, పొట్ట పెరుగుతోంది, బెల్టు ఇంకో కన్నం జరపాలి అంది. ఎప్పుడూ కొలతల గొడవే కదా మీ అక్కకి” అని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అవును, ఎప్పుడూ కొలతల గొడవే. పెళ్ళి కాకముందు ఇంట్లో ఉన్నప్పుడూ అంతే, ఒకే గదిలో ఒకే మంచం మీద పెరిగిన చెల్లెలు, నిద్రలో తన మీద కాళ్ళేసే చెల్లెలు, అయినా చొక్కా కుట్టాలంటే లేచి నిలబడవే బుల్లీ అనేది. పోయిన నెలేగా కొలిచావు అక్కా! పోయిన నెల నువ్వు వేరు, ఈ నెల నువ్వు వేరు, చేతులు దూరంగా పెట్టు. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు, వాటి మధ్యలోంచే మాటలు. తెలిసిన ఒళ్ళే కదా అని కత్తెర పెడితే గుడ్డ పాడయ్యేది నాది, పరువు పోయేది నాది అనేది. అందాజుగా కుట్టమని ఎవరైనా అడిగితే మొహాన్నే, ఆ పని చేసే కొట్టు రెండు వీధుల అవతల ఉంది వెళ్ళండి అని చెప్పేసేది. అప్పుడు పెద్ద ఆస్పత్రి వాళ్ళు వచ్చే రోజు వేసుకోమని చెల్లెలికి అక్క కొత్త కోటు కుట్టిపెట్టింది, చంకల దగ్గర మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. వాళ్ళు రావడానికి ముందు సాయంత్రం చెల్లెలు కూర్చుని కొలవని మనుషులందరికీ కలిపి ఒకే కొలత రాసి వచ్చింది.

చెప్పాలి. లేచి ఆ గంట నొక్కాలి. తలుపు పక్కన తెల్ల బొత్తాము, దాని కింద కాగితం, అత్యవసరమైతేనే నొక్కండి, అని. ఇది అత్యవసరమా? ఒకవేళ కాకపోతే? ఒకవేళ లోపల నర్సు అక్కని చూసి, సుమారుగా అరవై ఉంటుందనుకుని తనే రాసిందేమో. అలా రాసినా తప్పే కదా. తప్పే, కానీ అది తన తప్పు కాదు. ఛీ, ఎంత నీచంగా ఆలోచిస్తోంది తను! లేకపోతే ఈ నాలుగేళ్ళలో ఎవరో చూసి సరిచేసి ఉంటారు, కొత్త ప్రోగ్రాం పెట్టి ఉంటారు, ఇదేదో వేరే అరవై. గీత పాతదే. అచ్చు పాతదే. లేకపోతే అక్క నిజంగానే అరవై అయిందేమో! ఆ మాటకి ఆమెకే నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. పోయిన వారం వెనక నుంచి వెళ్ళి గట్టిగా పట్టుకుంటే ఎముకలు చేతికి తగిలాయి, నువ్వు తింటున్నావా అసలు అని తిట్టింది కూడా. వెళ్ళి చెప్పి, వాళ్ళు హడావుడిగా మందు ఆపేసి, ఆపడం వల్లే ఏదైనా అయితే? ఆమె డాక్టరా? ప్రోగ్రాం రాసే మనిషి, అదీ మానేసిన మనిషి. ఎవరమ్మా నువ్వు అంటే ఏం చెబుతుంది? పేషెంటు చెల్లెల్ని అంటుందా, లేక ఇంకేమైనా అంటుందా?

పక్కనే బావ ఉన్నాడు. అదీ అసలు సంగతి, ఎంత తిప్పి తిప్పి చెప్పుకున్నా అదే. చెప్పాలంటే బావ వింటాడు. ఈ మనిషి ఇంట్లో ఆమె పదేళ్ళు తిన్నది, చదువుకున్నది, మొదటి ఉద్యోగానికి ఈయన బస్సులోనే వెళ్ళింది. నా మరదలు ఆస్పత్రులకి ప్రోగ్రాములు రాస్తుంది తెలుసా, అని కండక్టరుతో, ఎక్కే వాళ్ళతో, దిగే వాళ్ళతో చెప్పుకున్న మనిషి. ఆయన మొహంలోకి చూసి, బావా, అక్కకి నేను ఎక్కువ మందు ఎక్కిస్తున్నాను అని ఎలా చెప్పడం? నోరు తెరిచింది. బావా, అంది. ఏంటమ్మా, అన్నాడు ఆయన వెంటనే, అంత మెత్తగా అన్నాడు. ఏం లేదు, అంది. పదకొండూ పదహారు. ఆరు నిమిషాలు. గంటకి మూడు ఎక్కువ అంటే నిమిషానికి ఎంత, ఇరవయ్యో వంతు. ఆరు నిమిషాలకి ఇరవైలో ఆరు. ఆ కొంచెం ఇప్పుడే, తను ఏం లేదు అన్నంతసేపట్లో, అక్క ఒంట్లోకి వెళ్ళింది.

“ఇలా అయితే” అనే షరతు వస్తే యంత్రం ఏం చేస్తుందో రెండో పాఠంలో చెబుతుంది ఆమె. ముందు ప్రశ్న తేలుస్తుంది, గడిలో బరువు ఉందా? ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. ఒక దారిలోకి వెళ్ళాక రెండో దారి వంక చూడను కూడా చూడదు, అక్కడ ఏముందో దానికి తెలీదు, దానికి బెంగ లేదు. అదృష్టవంతురాలు. మనిషి అలా కాదు, రెండు దారుల్లోకీ ఒకేసారి పోయి రెండుచోట్లా చస్తుంది. చెబితే, బావ మొహం, నర్సు అరుపులు, పోలీసులేమో, పేపర్లో ఏమో, పాఠాలు చెప్పే చోట పిల్లల మొహాలు. చెప్పకపోతే, ఆ తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చి, టోపీ తీసి, మీరేనా వాళ్ళ తాలూకు, అంటాడు. ఆ దారిలో ఇంకా ముందుకి వెళ్ళింది, వద్దన్నా వెళ్ళింది, కొట్టు షట్టరు దించి ఉండటం చూసింది, లోపల సగం కుట్టిన గౌను మిషను మీదే ఉండటం చూసింది, బావ ఒక్కడే వంటింట్లో నిలబడి ఏ డబ్బాలో ఏముందో తెలీక మూతలు తీస్తూ ఉండటం చూసింది. కొందరు యంత్రాలకి ఇంకో పద్ధతి కూడా నేర్పుతారు. ఏ లెక్కా ముందుగా తేల్చద్దు, అవసరం పడేదాకా మూట కట్టి పక్కన పెట్టు, తప్పనిసరి అయినప్పుడే విప్పు. క్లాసులో పిల్లలకి ఆ పద్ధతి ఎంత నచ్చుతుందో. ఆమె ఎనిమిదేళ్ళుగా ఆ పద్ధతిలోనే బతుకుతోంది. ఇంతకన్నా తప్పనిసరి ఎప్పుడొస్తుంది? అక్కని తెల్లగుడ్డ కప్పి బయటికి తోసుకొచ్చినప్పుడా? పదకొండూ ఇరవై. లే. పదకొండూ ఇరవై ఒకటి. లేవ్వే ముదనష్టపుదానా, కూర్చుని లెక్కలు వేస్తావేంటి, నీ లెక్కలు తగలెయ్య, అక్కడ అక్క! పదకొండూ ఇరవై నాలుగు.

ఎప్పుడు లేచిందో, ఎలా నడిచిందో, బొత్తాము మీద వేలు ఉంది. తీయాలని తోచక అలాగే నొక్కి పట్టుకుంది. లోపల గంట ఆగకుండా మోగుతోంది. తలుపు తెరిచి పెద్ద నర్సు తల బయట పెట్టింది, యాభై దాటిన మనిషి, జుట్టు బిగించి కట్టి ఉంది. “చెవులు పోయేలా ఏంటమ్మా అది? ఏమైంది?”

“మందు ఆపండి. మా అక్కకి. తొమ్మిది కాదు, ఆరు. మా అక్క నలభై కిలోలే. మీ కంప్యూటరు అరవై అనుకుంటోంది. బరువు రాయకపోతే అరవై వేసేసుకుంటుంది అది. తొమ్మిది వెళ్తోంది, ఆపండి, మీకు దణ్ణం పెడతాను.” మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, కాగితం నర్సు మొహం ముందు ఊపుతోంది.

నర్సు ఆ కాగితం తీసుకుని చూసి, తలుపు ఇంకాస్త తెరిచింది. “ముందు ఊపిరి పీల్చు. ఆరే వెళ్తోంది.”

“ఏంటి?”

“ఆరే పెట్టాం. ఆ మంచాల కింద తూకం ఉంటుంది, మనిషిని పడుకోబెట్టగానే చెప్పేస్తుంది. నలభై చిల్లర వచ్చింది. ఈ కాగితం మందుల దుకాణానికి మాత్రమే, దీన్ని చూసి మేం మందు పెట్టం. కళ్ళు తెరిచింది మీ అక్క, ఇందాకే. ఇంకో గంటలో మీలో ఒకళ్ళని లోపలికి పంపిస్తాను.”

ఆరు. ఆ అంకె వినగానే ఆమె తలుపు చెక్కని పట్టుకుని నిలబడింది. అక్క కళ్ళు తెరిచింది. ఆరు. అయిదు నలభైలు రెండొందలు, రెండొందలు అరవైలు పన్నెండు వేలు, ఆరు. వెనక బావ ఏడుస్తున్నాడు, ఈసారి గోడవైపు తిరక్కుండా, అందరి ముందూ, పెద్దగా. తలుపు సందులోంచి లోపల బల్ల మీదున్న కంప్యూటరు కనబడుతోంది. దాని తెర అంచుకి ఈ చివర నుంచి ఆ చివరకి తెల్ల ప్లాస్టరు అంటించి ఉంది, ప్లాస్టరు మీద నల్ల పెన్నుతో పెద్ద అక్షరాలు: బరువు గడి ఖాళీగా ఉంటే ఇది 60 అనుకుంటుంది. నమ్మవద్దు. ప్లాస్టరు అంచులు మాసి నల్లబడ్డాయి, అది అంటించి చాలా కాలమైంది.

“మీకు తెలుసా ఇది?” అంది ఆమె.

“తెలియకేం? రెండేళ్ళయింది. ఒక పెద్దావిడ, మీ అక్కకన్నా సన్నం. స్పృహ లేకుండా తెచ్చారు, తొందరలో బరువు రాయలేదు. అప్పుడు ఈ తూకం మంచాలు కూడా లేవు మాకు. యంత్రం చెప్పిందే పెట్టాం.” నర్సు గొంతు తగ్గించింది. “సాయంత్రానికి గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ మళ్ళీ ఇంటికి వెళ్ళలేదమ్మా. ఆ రోజు డ్యూటీ నాదే. ఆ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశాం, బరువు గడి నింపండి, నింపితే సరిపోతుంది అన్నారు. ఎవడు రాశాడో గానీ వాడు ఒక్కసారి వచ్చి ఈ గదిలో నిలబడితే బాగుండు అనిపించేది.”

“నేనే” అంది ఆమె. చాలా చిన్నగా వచ్చింది ఆ మాట. వినబడలేదేమోనని మళ్ళీ అంది. “అది రాసింది నేనేనండీ. ఒక్క రాత్రి కోసం పెట్టాను. తీసెయ్యడం మర్చిపోయాను.”

నర్సు తిడుతుందనుకుంది, చెయ్యెత్తుతుందేమో అనుకుంది, ఎత్తినా బాగుండునని కూడా అనుకుంది. నర్సు చేతిలోని కాగితం వైపు మళ్ళీ చూసింది. మాట్లాడింది బావ. ఆయన ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలీదు, దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు.

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“నువ్వు కాగితం తెచ్చినప్పుడు.”

ఆయన తల ఎత్తి గడియారం చూశాడు. బస్సు నడిపే మనిషికి నిమిషాలు లెక్కపెట్టడం ఒకరు నేర్పనక్కర్లేదు. “పావుగంట. నా పక్కనే కూర్చుని ఉన్నావు” అన్నాడు. కోపంగా అనలేదు, అర్థంకాక అడుగుతున్నట్టే అన్నాడు. “బావా అని పిలిచావు కూడా. ఏం లేదు అన్నావు.”

బోర్డు మీద రాసి పిల్లలకి ఇచ్చినా ఎవరూ తేల్చలేరు ఆ లెక్కని. ఆరు వెళ్తోంది గనక అక్క బతికి ఉంది. ఆరు పెట్టింది ఈ నర్సు, ఈ ప్లాస్టరు ముక్క, ఎవరో తెలీని ఆ పెద్దావిడ. ఆమె మాత్రం కాదు. ఆమె చేతిలో ఉంటే పావుగంట ఆలస్యంగా ఆరయ్యేది. ఆవిడ ఎవరు, ఆవిడకి ఎవరున్నారు, ఈ బెంచీ మీదే ఎవరైనా ఆ రోజు కూర్చుని, లోపల ఏం జరుగుతోందో తెలీక, ఈ గడియారమే చూస్తూ కూర్చున్నారా? బావ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు, ఆమె ఇందాక కూర్చున్న చోటే, ఆమెకి చోటు మిగల్చకుండా.

నర్సు తలుపు వేసెయ్యబోయి ఆగింది. “ఎన్ని ఆస్పత్రుల్లో ఉంది ఇది?”

“నేను మానేసేటప్పటికి ముప్ఫయ్యొకటి. ఇప్పుడు ఎన్నో తెలీదు.”

“వాళ్ళందరి దగ్గరా ప్లాస్టరు ఉందంటావా?”

ఎనిమిదేళ్ళు. ముప్ఫయ్యొకటి. స్పృహ లేకుండా వచ్చేవాళ్ళు, తొందరలో వచ్చేవాళ్ళు, తూకమెక్కలేని వాళ్ళు, పసిపిల్లలు. పసిపిల్లలు! పదికిలోల బిడ్డకి అరవై! ఇప్పుడు, ఈ నిమిషంలో, ఏదో ఒక ఊళ్ళో ఎవరో ఆ గడి ఖాళీగా వదిలి ముందుకి వెళ్ళిపోతున్నారు. నర్సు ఆమె జబ్బ పట్టుకుని లోపలికి లాగి, బల్ల ముందు కుర్చీలో కూలేసింది. “ఏడుపు తర్వాత” అంది. సొరుగులోంచి అట్టలు ఊడిపోయిన పెద్ద పుస్తకం తీసింది, పేషెంట్లని వేరే చోట్లకి పంపేటప్పుడు చూసుకునే ఆస్పత్రుల నంబర్లవి. “ఎక్కడెక్కడుందో నువ్వు చెప్పు. నేను కలుపుతాను. నువ్వు మాట్లాడు.”

మొదటిది చెప్పింది. నర్సు నంబరు నొక్కి రిసీవరు ఆమె చేతికిచ్చింది. అవతల మోగుతోంది. వెనక ఎక్కడో, తెరల అవతల, అక్క దగ్గు వినిపించింది, ఆమె అటు తిరగబోయింది, తిరగలేదు. ఎవరో ఎత్తారు, నిద్రమొహం గొంతు, చెప్పండి అంది. “గుండె వార్డుకి కలపండి, తొందరగా” అంది ఆమె.

“లైన్లో ఉండండి, ఎవరైనా ఉన్నారేమో చూస్తాను.”

“ఉండను. ముందు మీరు వినండి. అక్కడ మందు ఎక్కుతున్న వాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఎవరి బరువు అరవై అని ఉందో, లేచి వెళ్ళి చూడండి. ఇప్పుడే వెళ్ళండి.”